గడ్డకట్టే చలిలో పిడుదులు ఎలా బతుకుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు రాగానే విశాఖపట్నంలో కుక్కలు పెంచేవాళ్లు చాలామంది పిడుదుల మందు ఆపేస్తారు. "చలికాలం కదా, ఇప్పుడేం ఉంటాయిలే" అంటారు. పిల్లలు న్యూజెర్సీలోనో కనెటికట్‌లోనో స్థిరపడిన పెద్దవాళ్ల సందేహం ఇంకోటి. మోకాలి లోతు మంచు పడే ఊళ్లో పిడుదులెలా ఉంటాయి, పిల్లలు అనవసరంగా భయపెడుతున్నారేమో అని. ఇద్దరి మాటకీ అడుగున ఉన్నది ఒకటే నమ్మకం: చలి పిడుదుని చంపేస్తుందని. ఆ నమ్మకం వల్ల ఏటా ఎన్నో కుక్కలు జ్వరాన పడుతున్నాయి. అందుకే జనం అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి, కొంచెం వివరంగానే జవాబులు రాస్తున్నాను.

పిడుదు అంటే ఏమిటి? నల్లి, పేను లాంటి పురుగేనా?

కాదు. ఎదిగిన పిడుదుకి ఎనిమిది కాళ్లు. సాలీడు, తేలు దాని చుట్టాలు. మన దగ్గర కొందరు గోమారి అని కూడా అంటారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి మాత్రం ఆరు కాళ్లే ఉంటాయి, ఆవగింజ కన్నా చిన్నగా ఉంటుంది. అది ఒకసారి రక్తం తాగి, చర్మం విడిచి ఎనిమిది కాళ్ల పిల్ల పిడుదు అవుతుంది. మళ్లీ రక్తం తాగి, మళ్లీ చర్మం విడిచి పెద్దదవుతుంది. కుక్కల మీద, పశువుల మీద మనం చూసే గట్టి వీపు పిడుదులన్నిటిదీ ఇదే దారి. జీవితం మొత్తంలో అది తినేది ఇలా రెండు మూడు భోజనాలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

మంచు కురిసే దేశాల్లో చలికాలం రాగానే ఇవి చచ్చిపోవాలి కదా?

కొన్ని చస్తాయి. చాలా మటుకు బతుకుతాయి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో లైమ్ జ్వరాన్ని మోసే నల్లకాళ్ల పిడుదు జీవితచక్రం పూర్తవడానికి సాధారణంగా రెండేళ్లు పడుతుంది. అంటే మధ్యలో చలికాలాలు దాటకుండా అది గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. చలికాలం దాని జీవితంలో అనుకోకుండా వచ్చిపడే ఆపద కాదు, లెక్కలో ఉన్న భాగమే.

బతకడానికి దాని దగ్గర మూడు దారులున్నాయి. ఒంట్లో నీరు గడ్డకట్టకుండా చూసుకోవడం, చలి అంతగా తగలని చోట దాక్కోవడం, ఖర్చు తగ్గించుకుని కదలకుండా ఉండిపోవడం. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. నా ఉద్దేశంలో రెండోదే అన్నిటికన్నా ముఖ్యం, కానీ జనం ఎక్కువగా అడిగేది మొదటిదాని గురించే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

గడ్డకడితే ప్రాణికి జరిగే నష్టం ఏమిటి?

ఒంట్లో నీరు ఐస్‌గా మారినప్పుడు మొదట కణాల బయట ఉన్న ద్రవంలో స్ఫటికాలు పుడతాయి. ఐస్‌లోకి నీరు మాత్రమే పోతుంది, ఉప్పు పోదు. దాంతో మిగిలిన ద్రవం చిక్కబడి, కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. కణం ముడుచుకుపోతుంది, దాని పొర దెబ్బతింటుంది. కణం లోపలే స్ఫటికం పుడితే ఇక కోలుకోవడం దాదాపు ఉండదు. కొన్ని కప్పలు, కొన్ని పురుగులు ఒంట్లో కొంత భాగం గడ్డకట్టినా తట్టుకోగలవు. పిడుదులకి ఆ శక్తి లేదు. ఒంట్లో ఐస్ పుట్టిందంటే వాటి పని అయిపోయినట్టే.

మరి సున్నా కన్నా తక్కువ చలిలో వాటి ఒంట్లో నీరు ఎందుకు గడ్డకట్టదు?

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. అందులో ఒక షరతు ఉంది. ఐస్ మొదలవడానికి ఒక ఆధారం కావాలి: ధూళి కణమో, ఒక రకం బ్యాక్టీరియానో, అప్పటికే ఉన్న ఐస్ తునకో. అలాంటిది ఏదీ లేకపోతే నీరు సున్నా కన్నా బాగా కిందికి దిగినా ద్రవంగానే ఉండిపోతుంది. చాలా స్వచ్ఛమైన, చాలా చిన్న నీటి బిందువు మైనస్ 38 డిగ్రీల దాకా కూడా గడ్డకట్టకుండా ఉండగలదు. దీన్ని అతిశీతలీకరణ అంటారు.

ఇక్కడ పిడుదుకి దాని చిన్న ఒళ్లే కలిసొచ్చింది. ఉన్న ద్రవమే కొంచెం, అందులో స్ఫటికం పుట్టే అవకాశం కూడా కొంచెమే. ఆకులు నమిలే పురుగుల కడుపులో మట్టి, ఆకు తునకలు ఉంటాయి. పిడుదు తాగేది రక్తం ఒక్కటే. అందుకే చాలా జాతుల పిడుదుల ఒంటి ద్రవం సున్నాకి పది, ఇరవై డిగ్రీల కింద కూడా ద్రవంగానే ఉంటుంది.

అయితే పక్కనే ఉన్న ఐస్ ఒంటికి తగిలి, తడిగా ఉన్న చోటునుంచి లోపలికి పాకితే ఈ ఏర్పాటంతా కూలిపోతుంది. తడిసిన పిడుదు పొడిగా ఉన్నదాని కన్నా ముందే గడ్డకట్టడానికి కారణం ఇదే. ఒంటి మీదున్న మైనం లాంటి పొర ఈ పాకుడుని కొంతవరకు ఆపుతుంది.

ఇంకో మాట. గడ్డకట్టకపోయినంత మాత్రాన క్షేమంగా ఉన్నట్టు కాదు. చలి ఎక్కువకాలం కొనసాగితే కణాల పొరలు బిగుసుకుపోయి, ఉప్పుల సమతౌల్యం తప్పి, ఐస్ పుట్టకముందే పిడుదు చావచ్చు. యూరప్‌లో ఎక్కువగా కనిపించే ఇక్సోడిస్ రిసినస్ పిడుదులని 24 గంటలు చలిలో ఉంచి పరీక్షించినప్పుడు, సగం చనిపోవడానికి దశని బట్టి మైనస్ 14 నుంచి మైనస్ 19 డిగ్రీల దాకా చలి అవసరమైంది. ఒక్క రాత్రి చలిని తట్టుకున్న పిడుదు అదే చలి నెల రోజులు ఉంటే తట్టుకోలేకపోవచ్చు. "ఎన్ని డిగ్రీల్లో చస్తుంది?" అనే ప్రశ్న సగమే. "ఎంతసేపు?" అని కూడా అడగాలి.

యాంటీఫ్రీజ్ ప్రోటీన్ అని ఏదో ఉంటుందట, నిజమేనా?

నిజమే. నల్లకాళ్ల పిడుదులో చక్కెర అణువులు అతుక్కుని ఉండే ఒక ప్రోటీన్ ఉంది. అది అప్పుడే పుడుతున్న ఐస్ స్ఫటికానికి అంటుకుని, పెరగనివ్వకుండా ఆపుతుంది. అంటార్కిటికా సముద్రంలోని చేపల్లో ఇలాంటి ప్రోటీన్లని 1960లలో ఆర్థర్ డివ్రీస్ కనిపెట్టాడు. ఉప్పునీటి సముద్రం సున్నాకి దాదాపు రెండు డిగ్రీల కింద ఉన్నా అక్కడి చేపల రక్తం పారుతూనే ఉండటానికి కారణం అవే. ఆ చేపకీ ఈ పిడుదుకీ ఎక్కడా చుట్టరికం లేదు. అయినా రెండిటి ప్రోటీన్లలోనూ పోలిక ఉంది. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

రోగక్రిమి ఉన్న పిడుదు చలిని ఇంకా బాగా తట్టుకుంటుందని విన్నాం. అదెలా?

2010లో యేల్ విశ్వవిద్యాలయంలో గిరీశ్ నీలకంఠ, హమీదా సుల్తానా, ఎరోల్ ఫిక్రిగ్, వారి సహచరులు ప్రచురించిన పరిశోధన ఇది. అనాప్లాస్మా ఫాగోసైటోఫైలమ్ అనే బ్యాక్టీరియా మనుషుల్లో తీవ్రమైన జ్వరం తెప్పిస్తుంది, నల్లకాళ్ల పిడుదు దాన్ని మోస్తుంది. ఈ బ్యాక్టీరియా లోపల ఉన్న పిడుదుల్లో యాంటీఫ్రీజ్ ప్రోటీన్ జన్యువు మరింత చురుగ్గా పనిచేస్తోందని వాళ్లు చూశారు. గడ్డకట్టే చలికి గురిచేసినప్పుడు బ్యాక్టీరియా ఉన్నవే ఎక్కువగా బతికాయి. ఆ జన్యువు పనిని అణచివేస్తే చలిని తట్టుకునే శక్తి తగ్గింది.

దీని అర్థం కొంచెం ఆగి ఆలోచించాలి. బ్యాక్టీరియాకి పిడుదు ఇల్లు. ఇల్లు చలికి కూలిపోతే అదీ పోతుంది. అందుకని ఇంటిని కాపాడుకుంటోంది. మనిషికి మాత్రం ఇది చెడ్డ కబురు. చలికాలం దాటి వసంతంలో బయటికొచ్చే పిడుదుల్లో రోగాన్ని మోసేవాటికి మొగ్గు ఉండే అవకాశం ఉంది.

మంచు కింద వెచ్చగా ఉంటుందంటే నమ్మేదెలా?

వెచ్చగా అంటే మన వెచ్చదనం కాదు, సున్నా దగ్గర. బయట గాలి మైనస్ 20 ఉన్నప్పుడు సున్నా అంటే చాలా తేడా.

కొత్తగా కురిసిన మంచులో ఎక్కువ భాగం గాలే. మన ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలో ఇరుక్కున్న గాలి ఎలాగైతే బయటి వేడిని లోపలికి రానివ్వదో, ఈ మంచు పొరలో ఇరుక్కున్న గాలి నేలలోని వేడిని బయటికి పోనివ్వదు. జానెడు, రెండు జానల మందం మంచు ఉంటే చాలు, దాని అడుగున నేల దాదాపు సున్నా దగ్గరే నిలకడగా ఉంటుంది. దాని కింద రాలిన ఆకుల పొర, ఆ కింద మెత్తటి మట్టి. పిడుదు దాక్కునేది ఆ ఆకుల పొరలోనే. అందుకే వాతావరణ కేంద్రం చెప్పే గాలి ఉష్ణోగ్రత చూసి పిడుదు బతుకుని అంచనా వేయడం తప్పు. అది ఆ గాలిలో ఉండదు.

చాలామందికి తలకిందులుగా అనిపించే సంగతి ఇక్కడే ఉంది. మంచు ఎక్కువ పడిన చలికాలం పిడుదులకి మంచిది. మంచు పడకుండా ఒట్టి చలి గడ్డకట్టించేస్తే, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకడితే, అదే వాటికి ప్రమాదం. కనెటికట్‌లో ఆకులు ఊడ్చేసిన చోట, మంచు తొలగించిన చోట, రెండూ ఉంచిన చోట పిడుదులని వదిలి చూశారు. ఆకులూ మంచూ లేని చోట బతికినవి తగ్గాయి. పెరట్లో అడవి అంచున పేరుకున్న ఆకులు తీసేయమని అక్కడివాళ్లకి చెప్పడంలో అర్థం ఉంది.

ఆ నాలుగైదు నెలలూ ఏం తింటాయి?

ఏమీ తినవు. పగటి పొద్దు తగ్గడం గమనించి పిడుదు శరీరం ముందే సిద్ధమవుతుంది. రక్తం తాగి నిండుగా ఉన్న పిల్ల అయితే చర్మం విడవడం వాయిదా వేసుకుంటుంది. ఆకలితో ఉన్నదైతే వెతుకులాట మానేస్తుంది. ఈ విరామాన్ని డయాపాజ్ అంటారు. ఒంట్లో జరిగే పనులన్నీ బాగా నెమ్మదిస్తాయి, దాచుకున్న కొవ్వు చాలా నిదానంగా ఖర్చవుతుంది. ఎండాకాలంలో అదే ఆకలి దాన్ని త్వరగా నీరసపెడుతుంది, ఎందుకంటే వేడిలో ఒంటి ఖర్చు ఎక్కువ.

ఆకలికి ఓర్చుకోవడంలో పిడుదుల్ని మించినవి తక్కువ. ఆఫ్రికాకి చెందిన ఆర్గాస్ బ్రంప్టి అనే మెత్తటి పిడుదులు ఒక ప్రయోగశాలలో 27 ఏళ్లు బతికాయి. వాటిలో ఆడవి ఎనిమిదేళ్లు ఏ తిండీ లేకుండా ఉన్నాయి. అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియన్ షెపర్డ్ 2022లో ఈ వివరాలు ప్రచురించాడు.

ఆకలి కన్నా దాహమే పెద్ద సమస్య. గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు పిడుదు నోటి దగ్గర ఉప్పుతో కూడిన లాలాజలాన్ని ఊరించి, అది పీల్చుకున్న తేమని మింగుతుంది. గడ్డకట్టిన చోట నీరంతా ఐసే, తాగడానికి పనికిరాదు. ఆకుల పొర అడుగున ఉండే తేమ అందుకే అంత విలువైనది.

చలికాలంలో కూడా కుడతాయా?

కుడతాయి. నల్లకాళ్ల పిడుదులో పెద్దవి బయటికొచ్చేదే అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు జంతువు దొరకనివి మంచు కింద ఆగి, మధ్యలో ఎండ కాసి ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు దాటిన రోజున పైకి వస్తాయి. జనవరిలోనైనా సరే. యూరప్‌లో డెర్మసెంటర్ రెటిక్యులేటస్ అనే పిడుదు చలికాలంలోనే బాగా తిరుగుతుంది, కుక్కలకి బెబీసియా జ్వరం అంటిస్తుంది.

ఉత్తర అమెరికాలో ఇంకో జాతి ఉంది, దాని దారి వేరు. దాని పిల్లలు శరత్కాలంలో గుంపులుగా గడ్డి కొసలకెక్కి, మూస్ అనే పెద్ద దుప్పి రాగానే పట్టుకుంటాయి. చలికాలమంతా ఆ వేడి ఒంటి మీదే గడిపి, అక్కడే రెండుసార్లు చర్మం విడిచి, వసంతం మొదట్లో కింద పడతాయి. ఒక్క మూస్ మీద వేల నుంచి పదుల వేల పిడుదులుంటాయి. దురద భరించలేక మూస్‌లు చెట్లకి రాసుకుని బొచ్చు పోగొట్టుకుంటాయి, పిల్ల మూస్‌లు రక్తం చాలక చనిపోతాయి. శరత్కాలంలో మంచు ఆలస్యంగా పడితే గడ్డి మీద కాచుకునే ఆ పిడుదు పిల్లలకి ఎక్కువ రోజులు దొరుకుతాయి. చలి తగ్గిన కొద్దీ ఆ జంతువుకి కష్టం పెరుగుతోంది.

అన్నిటికన్నా చలి చోట ఉండే పిడుదు ఏది?

ఇక్సోడిస్ యూరియే, సముద్రపక్షుల పిడుదు. అటు ఆర్కిటిక్ వైపూ ఇటు అంటార్కిటిక్ వైపూ ఉంటుంది. పెంగ్విన్లు గుడ్లు పెట్టే చోట్ల రాళ్ల కింద గుంపులుగా ఉండి, పక్షులు వచ్చే కొద్ది వారాల్లోనే రక్తం తాగి, మిగతా ఏడాదంతా ఎదురుచూస్తుంది.

పీకిన పిడుదుని డీప్ ఫ్రీజర్‌లో పెడితే చస్తుందా? ఫ్రిజ్‌లో?

ఫ్రిజ్ కింది అరలో అసలు చావదు. అక్కడ ఉండేది నాలుగు డిగ్రీలు. ప్రయోగశాలల్లో పిడుదుల్ని నెలల తరబడి ప్రాణంతో దాచేది అలాంటి చలిలోనే, తేమ తగ్గకుండా చూసుకుంటూ.

ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. పైన చెప్పిన లెక్క చూడండి, కొన్ని జాతులకి అది అంచు మాత్రమే. గంటసేపు పెట్టి చచ్చిందనుకుని బయట పారేయడం ప్రమాదం. రోజుల తరబడి ఉంచితే చస్తుంది, కానీ వంట సామాను ఉండే చోట ఆ అవసరమేముంది? చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి, లేదా సెల్లోటేపు మధ్య గట్టిగా అతికించి పారేయండి. వేళ్లతో నలపవద్దు, గోటితో చిదమవద్దు. లోపలున్న రక్తంలో రోగక్రిములు ఉండొచ్చు.

ఏసీ గదిలో కుక్కని పడుకోబెడితే పిడుదులు తగ్గుతాయా?

తగ్గవు. 22, 24 డిగ్రీలు పిడుదుకి హాయిగా ఉండే వాతావరణమే. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో పై అంతస్తు ఫ్లాటులో ఏసీ వేసి, తలుపులు బిగించి ఉంచినా, కుక్కని కిందికి నడకకి తీసుకెళ్లొచ్చిన ఒక్కసారి చాలు.

విశాఖలో చలికాలానికి మందు ఆపొచ్చా?

ఆపవద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివేవాళ్లుంటే ఇదే చదవండి.

మన కుక్కల మీద ఉండేది ప్రధానంగా గోధుమరంగు కుక్క పిడుదు, రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది వేడి ప్రాంతాల జాతి. పైన చెప్పిన చలిని ఓర్చుకునే నేర్పు దీనికి అంతగా లేదు. అయినా చలిదేశాల్లో కూడా ఇళ్లలో, కుక్కల షెడ్లలో హీటర్ల పుణ్యమా అని ఏడాదంతా బతికేస్తోంది. మనకి హీటర్లు కూడా అక్కర్లేదు. విశాఖ నగరంలో జనవరి రాత్రులు కూడా మామూలుగా 16, 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగలు 28. దానికి కావలసిందే అది. చలివల్ల గుడ్లు పొదగడం కొంచెం నెమ్మదిస్తుంది, అంతే.

పైగా ఇది మనిషి ఇంట్లో ఉండటం నేర్చుకున్న పిడుదు. రక్తం తాగిన ఆడది కుక్క మీంచి దిగి గోడెక్కుతుంది, తలుపు చట్రం పగుళ్లలో, స్విచ్‌బోర్డు వెనక, టైల్స్ సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకి మందు వేసి ఇల్లు వదిలేస్తే సగం పనే చేసినట్టు. మందు ఎలాంటిది వాడాలో, ఎన్ని వారాలకొకసారో వెటర్నరీ డాక్టరుని అడగండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. కుక్కల మీద పోసే పర్మెత్రిన్ మందు పిల్లికి విషం.

కుక్క తిండి మానేసినా, నీరసంగా పడుకున్నా, ముక్కులోంచి రక్తం కారినా అది ఎర్లికియా, అంటే అందరూ టిక్ ఫీవర్ అనేది కావచ్చు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. త్వరగా పట్టుకుంటే మందుంది. "చలికి ముడుచుకుంది" అనుకుని వారం గడిపేస్తే చేజారిపోవచ్చు.

లంబసింగి, అరకు వైపు చలి బాగా ఉంటుంది కదా. అక్కడ పిడుదులుండవా?

ఉంటాయి. లంబసింగిలో కొన్ని ఉదయాలు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకి వస్తుంది, గడ్డి మీద తెల్లటి మంచు పేరుకుంటుంది. కానీ తొమ్మిది, పది గంటలకి ఎండెక్కి పగలు 20 డిగ్రీలు దాటుతుంది. నెలల తరబడి మైనస్‌లో గడిపే చోటే పిడుదులు బతుకుతుంటే, నాలుగైదు గంటల చలి వాటినేం చేస్తుంది? చలికాలంలో అక్కడికి పెంపుడు కుక్కని తీసుకెళ్లేవాళ్లు తిరిగొచ్చాక చెవుల లోపల, వేళ్ల మధ్య, మెడపట్టీ కింద వెతకాలి. పశువులు మేసే గడ్డిలో టెంటు వేసుకున్నవాళ్లు తమ ఒళ్లు కూడా చూసుకోవాలి.

మన దేశంలో చలికాలమే పిడుదుల కాలమైన చోటు కూడా ఉంది. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవి దగ్గర బయటపడిన కోతి జ్వరం ప్రతి ఏటా నవంబరు, డిసెంబరుల్లో మొదలై ఎండాకాలం దాకా ఉంటుంది. దాన్ని మోసే పిడుదు పిల్లలు అడవిలో ఎక్కువగా తిరిగేది అప్పుడే.

ఆవులు, గేదెలకి ఉండే పిడుదులు కూడా ఇవేనా?

వేరు. పెందుర్తి, ఆనందపురం వైపు పాడి ఉన్నవాళ్లు ఎక్కువగా చూసేది రైపిసెఫాలస్ మైక్రోప్లస్. అది పిల్లగా ఎక్కిన పశువు మీదే దాదాపు మూడు వారాలు ఉండి పెద్దదై, గుడ్లు పెట్టడానికి మాత్రమే దిగుతుంది. ఆ మూడు వారాలూ పశువు ఒంటి వేడిలోనే కాబట్టి బయటి చలితో దానికి పనే లేదు. ఒకసారి మందు కొట్టి ఊరుకుంటే పాకలో పొదిగిన కొత్త పిల్లలు మళ్లీ ఎక్కుతాయి. పాక గోడల పగుళ్లు పూడ్చడం, పేడకుప్ప దూరంగా వేయడం మందంత ముఖ్యం.

ఈ చలికాలంలో వినిపించే స్క్రబ్ టైఫస్ పిడుదు వల్లేనా?

కాదు. అది చిగ్గర్ అనే మైట్ పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. పిడుదుకి దూరపు చుట్టమే గానీ కంటికి సరిగా ఆనదు. వానలు వెనకబడ్డాక పొదల్లో, గట్ల మీద, పొలాల్లో ఉంటుంది. జ్వరంతో పాటు చంకలోనో, నడుము దగ్గరో, గజ్జల్లోనో సిగరెట్ కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన పుండు కనిపిస్తే వెంటనే డాక్టరుకి చూపించండి. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది గమనించరు. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

ఐస్ ముక్క పెడితే పిడుదు ఊడిపోతుందా?

ఊడదు. కిరోసిన్, అగరొత్తి, నెయిల్ పాలిష్, వేజలైన్, ఏవీ వద్దు. బాధపడిన పిడుదు లోపలున్నది కక్కే ప్రమాదం ఉంది. సన్న మొన ఉన్న ప్లక్కర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. తర్వాత సబ్బుతో కడగండి.

భూమి వేడెక్కుతోంది కదా, పిడుదులు పెరుగుతాయా?

కొన్ని చోట్ల పెరిగాయి. 1970ల మొదట్లో కెనడాలో నల్లకాళ్ల పిడుదు స్థిరపడినట్టు తెలిసిన చోటు ఒంటారియో రాష్ట్రంలోని లాంగ్ పాయింట్ ఒక్కటే. ఇప్పుడు అది దక్షిణ కెనడాలో చాలా చోట్ల ఉంది. ఇన్నాళ్లూ ఉత్తరం వైపు దాన్ని ఆపింది ముఖ్యంగా చలికాలపు చలి అని చాలామంది అనుకుంటారు. అంతకన్నా పెద్ద అడ్డు చల్లటి వేసవి. గుడ్లు పొదగడానికీ, చర్మం విడవడానికీ సరిపడా వెచ్చటి రోజులు లేక జీవితచక్రం పూర్తయ్యేది కాదు. ఇప్పుడా రోజులు పెరిగాయి. పక్షులు ఎప్పుడూ పిడుదుల్ని ఉత్తరానికి మోసుకెళ్తూనే ఉన్నాయి, అక్కడ దిగినవి ఇప్పుడు నిలదొక్కుకుంటున్నాయి.

మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈశాన్య రాష్ట్రాలైతే మే నుంచి జులై దాకా ఎక్కువ జాగ్రత్త. అప్పుడు తిరిగేది గసగసాల గింజంత పిల్ల పిడుదు, కుట్టినా తెలియదు. శరత్కాలంలో పెద్దవి వస్తాయి. ఆకులు పేరుకున్న చోట, అడవి అంచున, పొడుగు గడ్డిలో చీర కుచ్చిళ్లు ఈడ్చుకుంటూ నడవద్దు. ప్యాంటు వేసుకుని కొసలు సాక్సులో దోపుకోండి, లేత రంగు బట్టలైతే పాకేది కనిపిస్తుంది.

ఇంటికి రాగానే బట్టలు ఉతకడానికి ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి. పిడుదు చలికి ఓర్చుకుంటుంది గానీ పొడి వేడికి ఓర్చుకోలేదు. చల్లటి నీళ్లలో ఉతికితే అది చావదు. తర్వాత మోకాలి వెనక, బొడ్డు, చంకలు, చెవుల వెనక, జుట్టులో వెతుక్కోండి. లైమ్ క్రిమి ఒంట్లోకి చేరడానికి సాధారణంగా పిడుదు ఒక రోజుకి పైగా అంటిపెట్టుకుని ఉండాలి, అందుకని ఆ రోజే తీసేస్తే భయం చాలా తగ్గుతుంది. కుట్టిన తేదీ రాసిపెట్టుకోండి. కొన్ని వారాల్లో జ్వరం వచ్చినా, గుండ్రంగా పెరిగే ఎర్రటి మచ్చ కనిపించినా, ఈలోగా విశాఖ వచ్చేసి ఉన్నా సరే, డాక్టరుకి ఆ తేదీ, ఆ ఊరి పేరు రెండూ చెప్పండి. ఇక్కడ లైమ్ జ్వరం చాలా అరుదు కాబట్టి మీరు చెప్పకపోతే ఎవరికీ ఆ ఆలోచన రాదు.